మాట తెగేదాకా చాయ్ లేదు

పితృస్వామ్యం అనే మాటను మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని ముక్కలు చేసుకుని చదవాల్సి వచ్చింది. 'పి' తెలుసు. 'తృ' దగ్గర ఆగిపోయాను. పక్కన కూర్చున్న అంగన్‌వాడీ టీచర్ మోచేత్తో పొడిచి, చెవిలో ఆ మాట మొత్తం చెప్పింది. ఆమె మా వెనక వరుస క్వార్టర్లో ఉండేది. పెళ్లయి, బిడ్డ పెద్దదయ్యాక నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక అంగన్‌వాడీలో, ఆ చిన్న పీటల మీద, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు ఈ ఆదివారం మీటింగుకు కూడా ఆమే లాక్కొచ్చింది.

మీటింగు జరిగేది బొగ్గు గని కాలనీ కమ్యూనిటీ హాల్లో. మా ఊళ్లో పెళ్లిళ్లూ, చనిపోయినవాళ్ల దినాల భోజనాలూ, యూనియన్ల సభలూ అన్నీ అందులోనే. గోడకున్న నల్లబల్ల మీద అంతకుముందు జరిగిన ఏదో యూనియన్ సభ తాలూకు అక్షరాలు సగం తుడిచి ఉండేవి. వాటి మీదే మేడం కొత్త మాటలు రాసేది. మేడం కరీంనగర్‌లో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ నేరుగా హాల్లోకి వచ్చేది. గొంతు గట్టిది కాదు. వెనక కూర్చున్నవాళ్లు "వినపడ్తలేదు మేడం" అంటే ముందుకొచ్చి మళ్లీ చెప్పేది.

మొదటిరోజు ఆమె రాసిన ఆ పెద్ద మాట మాకెవరికీ అందలేదు. అది ఆమెకు అర్థమైంది. సుద్దముక్క పక్కన పెట్టి అడిగింది: "సమ్మె అంటే తెలుసా?"

అందరం నవ్వాం. "సమ్మె తెల్వకుండ ఈ ఊళ్లె ఎట్ల బతుకుతం మేడం" అంది సఫాయి పని చేసే ఒకావిడ.

"సమ్మె జరిగినప్పుడు మీరేం చేశారు?"

"మేం గూడ చేసినం. గేటు కాడ కూసున్నం."

"వంట కూడా మానేశారా?"

అదే ఆవిడ అంది: "వంట మేము బంద్ చేస్తే ఇగ సమ్మె ఎవలు చేస్తరు మేడం? ఆకలికి అందరు డ్యూటీకి పోదురు."

నవ్వులు ఆగాక మేడం బల్ల మీద 'కనిపించని శ్రమ' అని రాసింది. డ్యూటీకి వెళ్లినవాడికి మస్టర్ పడుతుంది, అంటే హాజరు రాసుకుంటారు. ఆదివారం కూడా పనిచేస్తే దానికి వేరే లెక్క. మీ మస్టర్ ఎక్కడ పడుతుందో చెప్పండి అంది. నాకు ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఒకటో రెండో మాటలు ఇంటికి తెచ్చేదాన్ని. దారిపొడవునా నోట్లో తిప్పుకుంటూ నడిచేదాన్ని. కొన్ని గేటు దగ్గరే జారిపోయేవి. మా ఆయన అప్పటికే నడుం దెబ్బతిని, పట్టీ కట్టుకుని మంచం మీద ఉండేవాడు. గనిలో పైకప్పు బండ విరిగి పడినప్పటి దెబ్బ అది. పైకి మానినట్టే ఉండి, ఏళ్లు గడిచాక మళ్లీ తిరగబెట్టింది. నేను చెప్పులు విప్పుతుండగానే అడిగేవాడు, కూరగాయల సంచి చూసి అడిగినట్టు.

"ఇయ్యాల ఏం తెచ్చినవే?"

"వివక్ష."

"అంటే?"

"కోడికూర వండితె కాలు ముక్క ఎవలకు పోతది?"

"నాకు."

"గదే."

ఆయన నవ్వాడు. "మరి ఏసింది నువ్వే గదా. నేనేమన్న గుంజుకున్ననా?"

ఆ మాటే పట్టుకెళ్లి తర్వాతి ఆదివారం మేడంను అడిగాను. ఆమె నవ్వలేదు. ఆ ముక్క మన చేతితో మనమే వేసేలా మనకు నేర్పినదాన్నే, మొదటిరోజు మీకు అర్థం కాని ఆ పెద్ద మాటతో పిలుస్తారు అంది. ఆ రోజు నాకు 'తృ' రాయడం వచ్చింది.

మా ఆయన మంచివాడు. కొట్టిన మనిషి కాదు, తాగి గొడవ చేసిన మనిషి కాదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఒక మంచి మనిషి ఇంట్లోనే జరిగింది.

ఆ ఎండాకాలం డాక్టర్లు ఆయన ఇక గనిలోకి దిగలేడని తేల్చడం ఖాయమైంది. మా దగ్గర దాన్ని అన్‌ఫిట్ అంటారు. అన్‌ఫిట్ అయినవాడి ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తారు. కొడుకుంటే కొడుకుకు. కొడుకు లేకపోతే పూర్వం నుంచీ అల్లుడికి. అందుకే మా ఊళ్లో కొడుకులు లేని ఇంట్లో ఆడపిల్లకు గిరాకీ ఉండేది. పిల్ల ఎట్లా ఉంది, ఏం చదివింది అని అడిగేవాళ్లు కాదు. తండ్రికి ఇంకెన్నేళ్ల సర్వీసు ఉంది, ఎప్పుడు అన్‌ఫిట్ అవుతాడు అని అడిగేవాళ్లు. ఉద్యోగం ఆడపిల్ల మీదుగా నడిచి వెళ్లి మగవాడి చేతికి చేరేది. ఈమధ్య పెళ్లికాని కూతుళ్లకు కూడా ఇస్తున్నారు. కానీ ఇళ్లల్లో ఇంకా పాత లెక్కే.

మాకు ఒక్కతే బిడ్డ. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివింది. ఆ తరగతిలో ఆడపిల్లలు ఆమె, ఇంకొకతె, అంతే. కాలనీలో ఎవరింట్లో ఫ్యాను తిరగకపోయినా, మిక్సీ కాలిపోయినా మా ఇంటికే వచ్చేవాళ్లు. బాగు చేయించుకుని, "మొగపిల్లగాడు పుట్టాల్సింది తప్పి పుట్టింది" అని మెచ్చుకుని పోయేవాళ్లు. అది మెచ్చుకోలు కాదని నాకు కొత్తగా తెలిసింది. ఆమెకు ఎప్పటినుంచో తెలుసట.

ఒక సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే నా పక్కన కూర్చుంది.

"అమ్మా, బాపు నౌకరి నాకు కావాలె."

"మీ బాపును అడుగు."

"అడిగిన. 'సూద్దాం తియ్యి' అన్నడు. పెదబాపు వస్తడట. ఆయన వచ్చినంక మాట్లాడుదమన్నడు. పెదబాపు ఏమంటడో నాకు ఎరికే. నువ్వు చెప్పు."

"నేను చెప్తె ఇంటరా?"

"ప్రతి ఐతారం పోయి ఏం నేర్సుకుంటున్నవు మరి?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆమె పెదబాపు అంటే మా ఆయన అన్న. నాకు బావ. అమ్మానాన్నలు పోతే మా ఆయన్ను సాకింది ఆయనే. వెంటబెట్టుకుని గనిలో పనికి పెట్టించింది ఆయనే. ఆ బండ పడిన రోజు చేతులతో రాళ్లు తోడి తమ్ముణ్ని బయటికి లాగింది కూడా ఆయనే. రిటైరై పాత బజారు వైపు ఇల్లు కట్టుకున్నాడు. మా ఇంట్లో ఏ మాటైనా ఆయన అన్నాకే మాట. నేను ఆయన ముందు కూర్చోను. కొంగు తలమీదికి లాక్కుని, గడప పక్కన నిలబడి, అడిగినదానికి తలాడిస్తాను. పెళ్లయిన నాటి నుంచీ ఇంతే. ఆయన చెడ్డగా చూశాడని కాదు. మా దిక్కు బావ ముందు మరదలు ఉండే పద్ధతే అది.

బావ ఒకప్పుడు యూనియన్‌లో గట్టి మనిషి. సమ్మె చర్చల కథ ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. ఆఫీసర్ల గదిలోకి పిలిచి, బల్ల మీద చాయ్, బిస్కెట్లు పెట్టారట. వీళ్లెవరూ ముట్టలేదట. "చాయ్ తాగినవంటె మాటకు ఒప్పుకున్నట్టే. చాయ్ మీద మీగడ కట్టింది, మేం చెయ్యి పెట్టలె. మాట తెగినంకనే తాగినం" అని చెప్పి, ప్రతిసారీ అప్పుడే గెలిచినట్టు నవ్వేవాడు. అది ఆయనకు ఎంత అలవాటైందంటే, ఇంట్లో పెళ్లి మాటలైనా, పాలోళ్ల, అంటే దాయాదుల, మధ్య తగువైనా చివర్లోనే చాయ్ తెమ్మనేవాడు. ఆ చాయ్ ఇంటి ఆడమనిషి తెచ్చి పెడితే అందరూ తాగి లేచేవాళ్లు. ఇక ఆ మాట మీద మళ్లీ మాట ఉండేది కాదు. ఆడమనిషిని ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ఆమె చాయ్ తెచ్చింది కాబట్టి ఆమెకు కూడా సరేనన్నమాట.

అదే నెలలో మేడం 'సమ్మతి' అనే మాట చెప్పింది. నోరు మూసుకుని ఉండటం ఒప్పుకోవడం కాదు అంది. నాకు నా పప్పన్నం రోజు గుర్తొచ్చింది. పెళ్లి ఖాయం చేసుకుని రెండు వైపులవాళ్లు కలిసి తినే భోజనం అది. లక్సెట్టిపేట దగ్గరి మా ఊళ్లో, మా బాపు ఇంటి ముందు చాపల మీద మగవాళ్లందరూ కూర్చున్నారు. ఎవరో పెద్దమనిషి "పిల్ల ఏమంటది?" అన్నాడు. "పిల్ల ఏమంటది, పిల్ల లోపల వడ్డిచ్చేకాడ ఉన్నది" అన్నాడు మా బాపు. అందరూ నవ్వారు. లోపల నేను కూడా నవ్వాను. సమ్మతి అనే మాట విన్నప్పుడు ఆ నవ్వే చెవిలో మోగింది.

మంగళవారం మెడికల్ బోర్డు అనగా, ముందటి శనివారం పొద్దున బావ వచ్చాడు. వెంట ఆయన బామ్మర్ది, అంటే మా తోడికోడలి తమ్ముడు. ఆ బామ్మర్ది ఇల్లు పెద్దపల్లిలో. ఆయన కొడుకు అక్కడే ఒక బట్టల దుకాణంలో పనిచేస్తాడు. ఆయన్ను చూడగానే విషయం అర్థమైంది. వంటింటికీ ముందు గదికీ మధ్య మాకు తలుపు లేదు, కర్టెన్ ఒక్కటే. నేనూ మా బిడ్డా దాని వెనక ఉన్నాం.

కాసేపు నడుం నొప్పి గురించి, ఎండల గురించి మాట్లాడారు. తర్వాత బావ గొంతు సవరించుకున్నాడు.

"అరె తమ్మీ, నువ్వు పరేషాన్ కాకు. నేను అంతా సోంచాయించిన. వీళ్ల పిలగాడు ఉన్నడు. వరస కుదురుతది. పిల్లను ఇచ్చి చేద్దాం. నౌకరి అల్లుని పేర్న పెట్టుదాం."

మా ఆయన మంచం కిర్రుమంది. కదిలి కూర్చున్నట్టున్నాడు.

"పిల్ల... పిల్లకే కావాల్నంటుందన్నా నౌకరి" అన్నాడు మెల్లగా.

"పిల్లకెందుకురా? ఇయ్యాల గాకుంటే రేపు పెండ్లయి ఇంకోలింటికి పోయేదేనాయె. ఆమెతోని నౌకరి గూడ పోతది. గిట్ల చేస్తె పిల్ల మనకాడనే ఉంటది, అల్లుడు మనకాడనే ఉంటడు, నౌకరి మనకాడనే ఉంటది."

"అల్లుడు ఎల్లిపోతె?" అని మా బిడ్డ నా చెవిలో అంది. "గప్పుడు నేను, నౌకరి, రెండు పోతయి."

"ష్" అన్నాను.

"మా వోడు బుద్ధిమంతుడు బావా" అన్నాడు బామ్మర్ది. "సిగరెట్ గూడ తాగడు."

"గనిల సిగరెట్ తాగనియ్యరు తియ్యి" అన్నాడు బావ. ఇద్దరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. అట్లా నవ్వాడంటే ఆయన ఒప్పుకోబోతున్నాడని నాకు తెలుసు. అన్న మాట కాదనడం ఆయనకు చేతకాదు.

"నువ్వు సై అంటే మంగళారం అక్కడ గదే చెప్పొచ్చు, పెండ్లి శ్రావణంల పెట్టుకోవచ్చు" అన్నాడు బావ.

మా ఆయన ఏమన్నాడో వినపడలేదు. ఏమీ అనలేదనుకుంటాను. బావకు అదే చాలు.

"మరదలు పిల్లా, ఇగ చాయ్ తీస్కరా."

పాలు గిన్నెలో ఉన్నాయి. చాయ్‌పత్తి డబ్బా మూత తీసి ఉంది. లైటర్ నా చేతిలో ఉంది. మా బిడ్డ నా ముఖం వంక చూడటం లేదు. నా చేతి వంక చూస్తోంది. ఆదివారాల్లో నేర్చుకున్న ఏ మాటా ఆ నిమిషం నాకు గుర్తులేదు. లైటర్ గట్టు మీద పెట్టాను.

కాసేపయ్యాక మళ్లీ పిలుపు. "చాయ్ ఏమైందమ్మా?"

"ఏమైందే?" అని మా ఆయన. "గ్యాస్ అయిపోయిందా?"

"గ్యాస్ ఉన్నది" అన్నాను కర్టెన్ వెనక నుంచే.

"పాలు ఇరిగినయా?"

"పాలున్నయి."

ఇక లోపల ఉండలేకపోయాను. కర్టెన్ పక్కకు జరిపి గడపలో నిలబడ్డాను. కొంగు తలమీద ఉందో లేదో చూసుకోలేదు.

"ఏంది పిల్లా?" అన్నాడు బావ.

నేను చెప్పాలనుకున్నది చాలా ఉంది. వరుసగా, మేడం చెప్పినట్టు చెప్పాలనుకున్నాను. కానీ నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"గిది పితృస్వామ్యం బావా."

బావ బామ్మర్ది వంక చూశాడు. "గదేం యూనియన్‌రా? నేను ఇనలె. జెండ ఏం రంగు?"

బామ్మర్ది గట్టిగా నవ్వాడు. మా ఆయన తల వంచుకున్నాడు, కానీ ఆయన మూతి కూడా కదిలింది. నా ముఖం మండిపోయింది. అంత కష్టపడి నేర్చుకున్న మాట, నోట్లోంచి బయటికి రాగానే ఎందుకూ పనికిరాని రేకు డబ్బాలా గచ్చు మీద దొర్లింది.

"ఐతారం ఐతారం మీటింగులకు పోవుడు షురూ చేసింది" అన్నాడు బావ తమ్ముడితో, నేను అక్కడ లేనట్టు. "చాయ్ పెట్టుడు గూడ మరిచిపోయింది సూడు."

"మరిచిపోలే బావా" అన్నాను. "మాట తెగలేదు. తెగినంక పెడ్త."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఎక్కడిదో ఆ గదిలో అందరికంటే ఎక్కువ ఆయనకే తెలుసు. నన్ను తల నుంచి కాళ్లదాకా చూశాడు. అన్నేళ్లలో ఆయన నన్ను అట్లా సూటిగా చూడటం అదే మొదలు. నాకు భయం వేసింది. కాళ్లు లోపలికి పొమ్మన్నాయి. నా వెనక మా బిడ్డ ఉంది, వెనక్కి తగ్గడానికి చోటు లేదు.

"అంటే నేను మేనేజ్‌మెంటునా?" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

నేను గడపలోంచి కదల్లేదు.

"నా తమ్ముని ఇంట్ల నేను మేనేజ్‌మెంటునైతినా?"

"పెదబాపూ" అంది మా బిడ్డ నా భుజం మీద నుంచి. "నన్నెవలు అడుగలే."

"నిన్నేమడుగుతరు? మీ బాపును పెంచింది నేను."

"బాపును పెంచినవు. గందుకే బాపు నిన్ను కాదంటలేడు. నేను అంటున్న. నాకు పెండ్లి వద్దు. నాకు నౌకరి కావాలె."

"ఇనవడ్డదా?" అన్నాడు బావ తమ్ముడితో.

మా ఆయన తలెత్తలేదు. నడుం పట్టీ కొస పట్టుకుని మెలిపెడుతున్నాడు. ఆ క్షణంలో ఒక్క మాట అంటాడని, అటో ఇటో ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. అనలేదు. బావ లేచి చెప్పులు వేసుకున్నాడు. "అన్నా, కూసోయే" అన్నాడు అప్పుడు మా ఆయన, లేవబోయి నొప్పికి మళ్లీ కూలబడుతూ. బావ ఆగలేదు. బామ్మర్ది ఆయన వెనకే వెళ్లాడు. మా గుమ్మంలోంచి బావ చాయ్ తాగకుండా వెళ్లడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ రోజు మా ఆయన అన్నం తినలేదు. మధ్యాహ్నం ఒకేఒకసారి మాట్లాడాడు.

"బండ కింద నుంచి గుంజిండే నన్ను. గోర్లు ఊడిపోయినయి ఆయనవి."

"ఎరికే."

"ఎరికై గట్ల చేసినవా?"

"దానికి బదులు బిడ్డనిస్తవా?" అన్నాను.

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మంగళవారం ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలియదు. అడిగితే చెప్పడు. చెప్పాల్సింది ఆయన నోటితోనే. నేనూ బిడ్డా ఎంత అరిచినా అక్కడ ఉద్యోగం ఆయనది, మాట ఆయనది.

ఆదివారం హాలుకు వెళ్లాను. అందరూ వెళ్లేదాకా ఆగి, జరిగిందంతా మేడంకు చెప్పాను. నేను ఆ పెద్ద మాట అంటే నవ్వారని కూడా చెప్పాను. మా ఆయనతో ఇప్పుడు ఏ మాట చెప్పాలి మేడం, ఒక మంచి మాట ఇవ్వండి అన్నాను. ఆమె సుద్ద చేతులు దులుపుకుని కుర్చీలో కూర్చుంది.

"మా ఇంట్లో నేనూ చెప్పలేకపోయానమ్మా" అంది. "మా నాన్న ముందు నాకు ఒక్క మాటా వచ్చేది కాదు. ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు."

నేను ఇంకేదో ఆశించి వెళ్లాను. ఉత్త చేతులతో తిరిగొచ్చాను. దారిలో ఆమె మీద కోపం కూడా వచ్చింది. ఇన్ని మాటలు బల్ల మీద రాసి, అవసరం పడ్డ రోజున ఒక్కటీ ఇవ్వలేదేమని. ఇంటికి వచ్చేసరికి ఆ కోపం పోయింది, భయం మాత్రం ఉంది.

సోమవారం మా ఆయన బట్టలు తనే ఇస్త్రీ చేసుకున్నాడు. బిడ్డ ఒకసారి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టి తీశాడు. ఆ చెయ్యి సరేనన్నదో, మన్నించమన్నదో మాకు తెలియలేదు. బిడ్డ లోపలికి వచ్చి పంపు దగ్గర ముఖం కడుక్కుని చాలాసేపు నిలబడింది.

మంగళవారం ముగ్గురం ఆటోలో వెళ్లాం. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఆయన పళ్లు బిగించేవాడు. డాక్టర్లు ఆయన్ను లోపలికి తీసుకెళ్లి చూసి పంపారు. అన్‌ఫిట్ అన్నారు. అది మేమనుకున్నదే. అయినా ఆ మాట బయటి మనుషుల నోట వినగానే ఆయన ముఖం పాలిపోయింది. తర్వాత పక్క గదిలో ఒక బల్ల దగ్గరికి పంపారు. బల్ల వెనక ఉన్నాయన తలెత్తకుండానే అడిగాడు.

"నౌకరి ఎవరికి?"

నేను మా ఆయన మెడ వెనక భాగం చూస్తూ నిలబడ్డాను. చెమట కాలరు లోపలికి కారుతోంది.

"నా బిడ్డకు" అన్నాడు.

రాసుకునేవాడు ఇప్పుడు తలెత్తాడు. "కొడుకు లేడా?"

"లేడు."

"అల్లుడు?"

"లేడు."

"సంబంధం సూసుకుని అల్లుని పేర్న పెట్టుకోకపోయినవా. పిల్లకు ఈ దుమ్మెందుకు?"

"నువ్వు రాస్కో" అన్నాడు మా ఆయన.

ఎందుకట్లా చెప్పాడో ఆయన ఇప్పటికీ చెప్పలేదు. నేను అడగలేదు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాడు. నడుం నొప్పేమోననుకుని పట్టుకోబోయాను. "అన్న ముఖం ఎట్ల సూడాలె నేను" అన్నాడు. ఆయన ఏడవడం మా బిడ్డ చూడకుండా నేను అడ్డంగా నిలబడ్డాను. ఆమె అప్పటికే చూసింది.

బావ మా ఇంటికి రావడం మానేశాడు. తోడికోడలు బజార్లో కనిపిస్తే చుట్టూ చూసి, బాగున్నవా అని ఒక్క మాట అని వెళ్లిపోయేది. ఒక పెళ్లిలో మా ఆయన వెళ్లి అన్న పక్కన కూర్చుంటే, ఆయన లేచి వేరే వరుసలో కూర్చున్నాడట. ఆ రోజు మా ఆయన ఇంటికి వచ్చి, "గెలిచినవు తియ్యి" అన్నాడు నాతో. కోపంతో అన్నాడో, మామూలుగా అన్నాడో నాకు అర్థం కాలేదు.

బిడ్డకు పిలుపు రావడానికి ఏడాది దగ్గర పట్టింది. బొగ్గును బెల్టుల మీద పంపే చోట, కరెంటు పనిలో వేశారు. గని లోపల కాదు, పైనే. అయినా నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన డ్యూటీకి వెళ్లిన ఇన్నేళ్లూ షిఫ్టు దిగే వేళకు బస్సు చప్పుడు కోసం చెవులు పెట్టుకుని బతికాను. ఆయన ఇక వెళ్లడని తెలిసినప్పుడు ఆ భయం పోయిందనుకున్నాను. కొట్లాడి మరీ దాన్ని బిడ్డ మీదికి మళ్లీ తెచ్చుకున్నాను. హాల్లో చెప్పిన మాటల్లో దీనికి పేరు లేదు.

ఆమె డ్యూటీలో చేరిన మొదటి వారంలో ఒక రోజు, షిఫ్టు దిగే వేళకు బస్సు రాలేదు. కాసేపు చూశాం. కాలనీ గేటు దగ్గరికి వెళ్లాం. అప్పటికే అక్కడ పదిమంది దాకా ఉన్నారు. బెల్టు దగ్గర ఏదో అయిందట అని ఒకరు, ఏం కాలే, బస్సు టైరు పోయిందట అని ఇంకొకరు. ఫోన్ చేస్తే బిడ్డ ఎత్తడం లేదు. డ్యూటీలో ఫోన్ ఆఫీసులో పెట్టి వెళ్తారని ఆమె ముందే చెప్పింది. అయినా చేస్తూనే ఉన్నాను. మా ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి రోడ్డు వంకే చూస్తున్నాడు. నా వంక చూడటం లేదు. చూస్తే ఏదైనా అంటాడేమోనని నేనూ ఆయన వంక చూడలేదు.

పాత స్కూటర్ చప్పుడు వినపడింది. బావ. పాత బజారు దాకా కబురు వెళ్లినట్టుంది. స్కూటర్ మాకు దూరంగా, రోడ్డు అవతల ఆపాడు. మమ్మల్ని పలకరించలేదు. దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, అదే రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు. అన్నాదమ్ములిద్దరూ రోడ్డుకు అటొకరు ఇటొకరు, ఒకే వైపు చూస్తూ.

చీకటి పడకముందే బస్సు వచ్చింది. టైరే. వరుసగా మగవాళ్లు దిగారు. చివర్లో మా బిడ్డ, హెల్మెట్ చంకలో పెట్టుకుని, ముఖం నిండా బొగ్గు దుమ్ముతో. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. తర్వాత అవతల నిలబడ్డ మనిషిని చూసి ఆగింది. మా దగ్గరికి రాకుండా రోడ్డు దాటి ఆయన దగ్గరికి వెళ్లింది.

"పెదబాపూ."

ఆయన ఆమె ముఖం చూశాడు, చేతులు చూశాడు, కాళ్ల బూట్లు చూశాడు.

"ఎక్కడ ఏసిన్రు నిన్ను?"

"బెల్టు మోటార్ల కాడ."

"బెల్టు తిరుగుతున్నప్పుడు దగ్గర వంగకు. చున్నీ గట్ల ఏలాడెయ్యకు. ముడి ఎయ్యి."

"ఏస్త."

ఆయన స్కూటర్ ఎక్కాడు. తిప్పుకుంటూ తమ్ముడి వంక ఒకసారి చూసి తలాడించాడు. మా ఆయన కర్ర పైకెత్తి ఏదో అనబోయాడు గానీ స్కూటర్ అప్పటికే కదిలింది.

బావ నా వంక మాత్రం చూడలేదు. ఇప్పటికీ నాతో మాట్లాడడు. దారిలో ఎదురైతే నేను పక్కకు తప్పుకోను, కొంగు తలమీదికి లాక్కోను. ఆయన పక్క నుంచే వెళ్లిపోతాడు.